కాశీ అనుకున్న ఇరవై రోజులు

ఉమామహేశ్వరరావుగారు కాశీ వెళ్తున్నానని తన నోటితో ఎవరికీ చెప్పలేదు. వెళ్ళడం లేదనీ చెప్పలేదు. ఆషాఢం చివర్లో, ఏలూరు పవర్‌పేటలో ఆయన పౌరోహిత్యం చేసే ఇంటివారొకరు శ్రావణంలో వ్రతం మాట ఎత్తితే, నెల రోజులు ఊళ్ళో ఉండనండీ అన్నారు. "కాశీకాండీ?" అని వాళ్ళు సంబరంగా అడిగారు. ఈయన తల ఊపీ ఊపనట్టు ఊపి ఊరుకున్నారు. రెండు రోజులు తిరిగేసరికి, బ్రహ్మగారు ఎవరో బృందంతో కలిసి కాశీ వెళ్తున్నారనీ, ఆయన భార్య తాడేపల్లిగూడెంలో కూతురి దగ్గర ఉంటుందనీ అన్ని ఇళ్ళకీ తెలిసిపోయింది.

ఆయన వెళ్ళింది విజయవాడ. అక్కడి ఆసుపత్రిలో పొట్ట మీద ఐదు చోట్ల చిన్న చిల్లులు పెట్టి, లోపల జీర్ణాశయంలో ముప్పాతిక భాగం కత్తిరించి తీసేశారు. మిగిలింది అరటికాయంత గొట్టం. బరువు తగ్గడానికి చేసే ఆపరేషన్ అది.

ఆయనకి యాభై రెండేళ్ళు. బరువు నూట ముప్ఫై ఎనిమిది కిలోలు. షుగరు పదేళ్ళుగా ఉంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని ముక్కుకి తగిలించుకునే మెషినొకటి ఇచ్చారు. ఇవన్నీ ఆయన ఓర్చుకున్నారు. ఓర్చుకోలేనిది మాఘమాసంలో మండవల్లిలో జరిగింది. చేపల చెరువుల రైతు వెంకట్రాజుగారింట్లో గృహప్రవేశం. హోమం పూర్తయ్యాక పీట మీంచి లేవబోతే ఆయనకి చేతకాలేదు. ఒక చెయ్యి నేలకి ఆనించి చూశారు, రెండు చేతులూ ఆనించి చూశారు. చివరికి చెరువు మీద వలలు లాగే మనుషులు నలుగురు వచ్చి చంకల కింద చేతులు వేసి లేపారు. మర్యాదగానే లేపారు. ఎవరూ నవ్వలేదు. వాళ్ళు నవ్వకపోవడమే ఆయనకి ఎక్కువ కష్టంగా తోచింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, డాక్టరు చెప్పిన ఆపరేషన్ చేయించుకుంటానని భార్య వెంకటసుబ్బలక్ష్మితో చెప్పారు.

దాచిపెట్టడం మాత్రం ఆవిడకి ఇష్టం లేదు. జనం నాలుగు రోజులు అనుకుని ఊరుకుంటారండీ, చెప్పేద్దాం అంది. ఆయన వినలేదు.

ఆయన భయం వేరు. తద్దినం నాడు పోయినవాళ్ళ స్థానంలో కూర్చుని భోజనం చేసే బ్రాహ్మణుణ్ణి భోక్త అంటారు. ఏలూరులో చాలా ఇళ్ళకి భోక్త అంటే ఉమామహేశ్వరరావుగారే. ఆయన విస్తరి ముందు కూర్చుంటే వడ్డించేవాళ్ళకి ఉత్సాహం వచ్చేది. గారెలు వద్దనేవారు కాదు, పాయసం చాలనేవారు కాదు. మా నాన్నే వచ్చి తిన్నట్టుందండీ అని కళ్ళు తుడుచుకున్న వాళ్ళున్నారు. దాన్ని తిండిపోతుతనం అని ఎవరూ అనలేదు. అది ఆయన విద్యలో భాగమే అనుకున్నారు, ఆయనా అలాగే అనుకున్నారు. ఇప్పుడు నాలుగు చెంచాలకి మించి లోపలికి పోదని తెలిస్తే ఆ విస్తరి ముందు ఇంకెవరినో కూర్చోబెడతారు. దానికి తోడు, అంగలోపం ఉన్నవాడు భోక్తగా పనికిరాడని చిన్నప్పుడు చదువుకున్నారు. పొట్ట కోసి అవతల పారేస్తే అది అంగలోపమా, కాదా? తెలిసిన పెద్దల్ని అడగాలంటే సంగతి చెప్పాలి. అందుకని అడగలేదు.

శ్రావణ శుద్ధ విదియ నాడు ఆపరేషన్ అయింది. నాలుగో రోజున అల్లుడు ఫణీంద్ర కారులో తాడేపల్లిగూడెం తీసుకొచ్చాడు. ఫణీంద్ర గుండుగొలను హైస్కూల్లో లెక్కల మాస్టారు. కూతురు స్పందన బ్యాంకులో పనిచేస్తుంది. వాళ్ళ ఫ్లాటు మూడో అంతస్తులో, రైల్వే స్టేషనుకి దగ్గరలో ఉంది. వచ్చిన రోజే ఆయనకి ఒక సంగతి తెలిసింది. బాల్కనీకి సరిగ్గా ఎదురుగా ఫంక్షన్ హాలు. శ్రావణంలో రోజూ పెళ్ళే. ఏలూరు నుంచి కుర్ర పురోహితుడు భరద్వాజ్ వారానికి రెండుసార్లయినా అక్కడికి వస్తాడు. ఈయన దగ్గరే మంత్రం నేర్చుకున్నవాడు, దూరం నుంచి భుజాలు చూసి గుర్తుపట్టేస్తాడు. దాంతో ఆయన బాల్కనీ తలుపు వేయించారు, పడగ్గది కిటికీ వేయించారు. పక్క ఫ్లాటావిడ పుట్టిల్లు ఏలూరే కాబట్టి మెట్ల మీదికి వెళ్ళడానికీ లేదు. డాక్టరు రోజుకి ఆరుసార్లు నడవమన్నాడు. మంచం నుంచి వంటింటి గుమ్మం దాకా ఇరవై రెండు అడుగులు. అటు ఇరవై రెండు, ఇటు ఇరవై రెండు.

నొప్పి ఆయన అనుకున్న చోట రాలేదు. చిల్లులు పెట్టిన చోట చురుక్కు చురుక్కుమనేదంతే. భరించలేనిది ఎడమ భుజంలో వచ్చింది. లోపల ఎవరో మేకు దిగ్గొట్టి దానికి బరువు వేలాడదీసినట్టుండేది. కోసింది పొట్ట అయితే భుజం ఎందుకు నొప్పి పెడుతుందో సుబ్బలక్ష్మికి అర్థం కాలేదు, వేడి గుడ్డ కాపడం పెడుతూ కూర్చునేది. పడుకుంటే నొప్పి, కూర్చుంటే నొప్పి. తలకింద మూడు దిళ్ళు పెట్టుకుని ఒరిగి ఉండేవారు. పక్కకి తిరగాలంటే రెండు చేతులతో పొట్ట పట్టుకుని, ముందు మోకాళ్ళు తిప్పి, తరవాత నడుము తిప్పాలి.

రోజంతా ఒకటే పని. మందు సీసాతో ఇచ్చే చిన్న కప్పుడు నీళ్ళు పావుగంటకి ఒకసారి, గుక్క గుక్కగా తాగాలి. నీళ్ళు, మజ్జిగ తేట, పప్పుకట్టు, నీళ్ళలో కలిపిన ప్రోటీన్ పొడి. రెండు వారాలు అంతే. ఒక్క గుక్క ఎక్కువైతే రొమ్ము మధ్యలో రాయి అడ్డం పడ్డట్టయి, నోటినిండా నురగ వచ్చేది. ఎదురు హాల్లో ఉదయం తొమ్మిదింటికి పులిహోర పోపు పెట్టేవారు. కిటికీ వేసి ఉన్నా ఇంగువ వాసన ఎక్కడి నుంచో వచ్చేసేది. ఆయనకి ఆకలి వేసేది కాదు. డాక్టరు ముందే చెప్పాడు, ఆకలి పుట్టించే భాగం తీసేశాం అని. ఆకలి లేకుండానే, వడ్డించిన విస్తరి కళ్ళ ముందు కనబడి ఏడుపొచ్చేది. అది భార్యకి చెప్పుకోలేకపోయారు. తిండి కోసం ఏడ్చే వయసా నాది అనుకునేవారు.

అన్నిటికంటే కుట్ల భయం ఎక్కువ. ఆసుపత్రిలో ఇంటికి పంపే ముందు కాయితం ఒకటి చేతికిచ్చి చదివి వినిపించారు. ఎక్కడో వందమందిలో ఒకరికి లోపల కుట్టు విడుతుంది. విడితే జ్వరం వస్తుంది, నాడి నూట ఇరవై దాటుతుంది, పొట్టలో నొప్పి పెరుగుతుంది, అప్పుడు ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. వేలికి తగిలించుకునే చిన్న మెషిను ఇచ్చి నాడి చూసుకుంటూ ఉండమన్నారు. మొదటి రోజు ఎనభై ఎనిమిది చూపించింది. రెండో రోజు నూట రెండు. ఆ అంకె చూడగానే గుండె దడదడలాడి నూట పద్నాలుగైంది. ఆ తరవాత ఆయన ఆ మెషిను దిండు కింద పెట్టేసి మళ్ళీ తీయలేదు.

ఆసుపత్రి నుంచి గ్రేస్ అనే నర్సు రోజూ సాయంత్రం ఐదింటికి ఫోన్ చేసేది. సొంతవూరు భీమడోలు దగ్గరట. బాబాయిగారూ అని పిలిచేది. భుజం నొప్పి ఆపరేషన్‌లో నింపిన గ్యాసు వల్లేననీ, నడిస్తే వారం పది రోజుల్లో పోతుందనీ ఆ అమ్మాయే చెప్పింది. జ్వరం ఉందా, ఎన్ని కప్పులు తాగారు, నాడి ఎంత అని వరసగా అడిగేది. లేదమ్మా, పాతిక కప్పులమ్మా, ఎనభై ఎనిమిదమ్మా అనేవారాయన.

ఫోన్లు అదొక బాధ. కాశీ వెళ్ళినా మనిషి ఫోన్ ఎత్తాలి కదా. ముహూర్తాలు అడిగేవాళ్ళు, గంగాజలం తెమ్మనేవాళ్ళు. స్టేషన్‌లో బండి వచ్చినప్పుడల్లా తాడేపల్లిగూడెం పేరు మైకులో వినిపిస్తుంది. అందుకని ఫోన్ మోగితే పొట్ట పట్టుకుని బాత్రూములోకి వెళ్ళి, తలుపు వేసి మాట్లాడేవారు.

తొమ్మిదో రోజు ఉదయం ఈశ్వరప్రసాద్‌గారు చేశారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఏలూరులోనే ఉంటారు. తల్లి పోయి పంతొమ్మిదేళ్ళయింది. పంతొమ్మిదేళ్ళూ ఆవిడ తద్దినానికి భోక్త ఉమామహేశ్వరరావుగారే. ఈయన బాత్రూములో నిలబడి మాట్లాడుతున్నారు, పక్కన బకెట్టులో కుళాయి ధారగా పడుతోంది. ఆ చప్పుడు విని ఈశ్వరప్రసాద్‌గారి గొంతు మారిపోయింది.

"బ్రహ్మగారూ, గంగ ఒడ్డునే ఉన్నారా?"

ఉమామహేశ్వరరావుగారు కుళాయి వంక చూశారు. కుళాయి కట్టేయడానికి వంగబోతే పొట్టలో నొప్పి మెలితిప్పింది. ఊఁ అన్నారు. ఆ ఊఁ నొప్పికి వచ్చిందో జవాబుగా వచ్చిందో ఆయనకే తెలియదు. ఈశ్వరప్రసాద్‌గారు చెప్పుకుపోయారు. ఈ ఏడాది మోకాళ్ళు బొత్తిగా వంగడం లేదు, మీరు లేకుండా ఇంట్లో తద్దినం పెట్టాలని మనసూ లేదు, మీరక్కడ ఉండడం అమ్మ అదృష్టం, బహుళ సప్తమి నాడు మీ చేతులతో గంగలో పిండం కలిపితే ఇక్కడ ఇంకేమీ పెట్టుకోను అన్నారు. పేరు, గోత్రం రాసుకోమన్నారు. ఉమామహేశ్వరరావుగారికి ఆ రెండూ పంతొమ్మిదేళ్ళుగా నోటికొచ్చు. అయినా ఆయన చెబుతుంటే, చెప్పండి, రాసుకుంటున్నాను అన్నారు. ఎందుకన్నారో తరవాత ఎంత ఆలోచించినా ఆయనకి తెలియలేదు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే గోడకి ఆనుకుని నిలబడ్డారు. సుబ్బలక్ష్మి తలుపు కొట్టి, ఏవండీ, కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగింది. లేదన్నారు. బయటికి వచ్చాక సంగతి చెబితే ఆవిడ మంచం మీద కూలబడింది. వెంటనే ఫోన్ చేసి నిజం చెప్పేయండి అంది. చెబుతాను అన్నారు. ఆ రోజు చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుందో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లో తద్దినం జరగదు, కాశీలోనూ జరగదు. ఒక తల్లికి ఆ తిథి నాడు నువ్వుల నీళ్ళు విడిచేవాడు ఉండడు. ముప్ఫై ఏళ్ళుగా పదిమందికి చెబుతూ వచ్చిన మాట అది, తప్పకూడనిది తిథి ఒక్కటేనండీ అని.

ఆ మధ్యాహ్నం నుంచి గుక్క దిగడం మానేసింది. ఒక్కో చెంచా నీళ్ళు గొంతు దాటాక ఎక్కడో నిలిచిపోయి, అరగంట నొప్పి పెట్టి, నురగగా తిరిగొచ్చేవి. నొప్పి పెడుతుందని తాగడం తగ్గించారు. సుబ్బలక్ష్మి అడిగితే తాగానన్నారు. కప్పులోవి, నురగ ఉమ్మడానికి మంచం పక్కన పెట్టిన తొట్టిలో పోశారు. గ్రేస్‌కి పాతిక కప్పులని చెప్పారు. ఆ రాత్రి, మర్నాడు పొద్దున కూడా అంతే. పెదవులు ఎండిపోయాయి. ఒంటికి వెళ్తే కొంచెమే, అదీ చిక్కటి టీ రంగులో వచ్చింది. కుట్టు విడిందేమోనన్న అనుమానం అప్పుడే పుట్టింది. విడితే మళ్ళీ విజయవాడ, మళ్ళీ కోత. ఆ దారి ఏలూరు మీదుగా వెళ్ళాలి. అన్నిటికంటే, ఇలా పోతే ఏమంటారన్న ఆలోచన వదల్లేదు. కాశీ వెళ్ళిన పురోహితుడు తాడేపల్లిగూడెంలో పోయాడంటారు.

పదో రోజు వరలక్ష్మీ వ్రతం. స్పందన బ్యాంకుకి సెలవు పెట్టి హాల్లో పూజ పెట్టుకుంది. సాయంత్రం నాలుగున్నరకి పేరంటాళ్ళు వచ్చారు. పక్క ఫ్లాటావిడ కూడా వచ్చింది. పడగ్గది తలుపు లోపల గడియ వేసి ఉంది. ఆయన మంచం అంచున కూర్చుని, పొట్ట చుట్టూ కట్టిన బెల్టు రెండు చేతులతో అదుముకుంటున్నారు. నొప్పి రొమ్ము కింద మొదలై వెన్నులోకి పాకుతోంది. డోకు వస్తే చప్పుడు కాకుండా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అవతల ఒకావిడ, మీ నాన్నగారు కాశీలో ఉన్నారుటగా, ఎంత పుణ్యం అంటోంది. స్పందన ఏదో అంది, వినబడలేదు. శనగలు, తాంబూలం పంచుతున్న చప్పుడు. ఒక పిల్ల పాట పాడింది. ఆయన తువ్వాలు కొరుకుతూ, పాట త్వరగా అయిపోతే బాగుండును, వాళ్ళు వెళ్ళిపోతే సుబ్బలక్ష్మిని పిలవొచ్చు అనుకుంటూ కూర్చున్నారు. పాట అయ్యాక ఇంకో పాట మొదలైంది.

ఐదింటికి ఫోన్ కంపించింది. గ్రేస్. బాత్రూము దాకా వెళ్ళే ఓపిక లేక అక్కడే ఎత్తి, గుసగుసగా మాట్లాడారు. ఎందుకలా మాట్లాడుతున్నారని అడిగింది. ఇంట్లో పేరంటమమ్మా అన్నారు. ఎన్ని కప్పులు తాగారంది. పాతిక. జ్వరం లేదు. నాడి ఎనభై ఎనిమిది.

అవతల కాయితం తిప్పిన చప్పుడైంది.

"బాబాయిగారూ, వారం రోజులుగా మీరు నాకు ఎనభై ఎనిమిదే చెబుతున్నారు. నా దగ్గర రాసి ఉంది. ఎవరి నాడీ అలా ఉండదండి."

ఆయన దిండు వైపు చూశారు.

"ఆ మెషిను పెట్టుకుని నాకు ఇప్పుడు చూసి చెప్పండి. నేను లైన్లోనే ఉంటాను."

దిండు కింద నుంచి తీసి వేలికి పెట్టుకున్నారు. అంకె నిలబడ్డానికి కొంత సమయం పట్టింది. నూట ఇరవై ఆరు. ఆయన ఆ అంకె చదివారు. నిన్న మధ్యాహ్నం నుంచి నీళ్ళు దిగడం లేదమ్మా, నొప్పి వీపులోకి వచ్చింది, నేను నీకు అబద్ధం చెప్పాను అన్నారు.

గ్రేస్ కోప్పడలేదు. "ముందు తలుపు తీసి ఇంట్లోవాళ్ళని పిలవండి. ఇప్పుడే బయల్దేరి రావాలి," అంది.

తలుపు అవతల పదిహేను మంది ఆడవాళ్ళున్నారమ్మా అన్నారాయన. ఉండనివ్వండి అంది గ్రేస్.

మంచం నుంచి తలుపుకి ఐదడుగులు. గడియ తీయడానికి చెయ్యి పైకెత్తితే పక్కలో పొడిచినట్టయింది. తలుపు తెరుచుకునేసరికి పాట ఆగిపోయింది. చొక్కా లేదు, పొట్ట చుట్టూ వెడల్పాటి బెల్టు, పది రోజుల గడ్డం, భుజం మీద తడిసిన తువ్వాలు. పక్క ఫ్లాటావిడ చేతిలో శనగల పొట్లం అలాగే ఉండిపోయింది. ఆయన ఎవరివంకా చూడకుండా, "సుబ్బలక్ష్మీ, నాకు బాగా లేదే," అన్నారు.

పేరంటాళ్ళే సర్దుకున్నారు. ఎవరో కుర్చీ లాగారు, ఎవరో ఫ్యాను వేశారు. ఫణీంద్ర అప్పుడే స్కూలు నుంచి వచ్చాడు, వచ్చిన కాళ్ళతోనే కారు తీశాడు. మెట్లు దిగడానికి పక్క ఫ్లాటావిడ భర్త ఒక పక్క పట్టుకున్నాడు.

దారి పొడవునా ఉమామహేశ్వరరావుగారు వెనక సీట్లో భార్య భుజానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. గుండుగొలను దాటాక ఒకసారి కళ్ళు తెరిచి, నేను పోతే ఈశ్వరప్రసాద్‌గారికి చెప్పు అన్నారు. సుబ్బలక్ష్మికి కోపం వచ్చింది. మీరే చెప్పుకోండి, నేను చెప్పను అంది.

ఆసుపత్రిలో రంగు మందు తాగించి స్కాను తీశారు. కుట్టు విడలేదు. లోపల వాపు వల్ల దారి ఇరుకైంది, నీళ్ళు తాగక ఒళ్ళు ఎండిపోయింది, అందుకే నాడి పరుగెత్తింది అన్నారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే మూత్రపిండాల మీదికి వచ్చేదని డాక్టరు చెప్పాడు. చెయ్యికి సూది గుచ్చి సెలైన్లు ఎక్కించారు. రెండో సీసా సగమయ్యేసరికి వెన్నులో నొప్పి కొంచెం సడలింది. భయం మాత్రం సడలలేదు. కుట్టు బాగానే ఉందని తెలిశాక మిగిలినదంతా అలాగే ఉందని ఆయనకి అర్థమైంది.

మర్నాడు ఉదయం గ్రేస్ వచ్చి చూసింది. పాతికేళ్ళుంటాయి, సన్నగా ఉంది. కాయితాలు చూసి, నొప్పి ఉంటే ఉందని చెప్పడానికి ఎందుకండీ అంత కష్టం అని అడిగింది. ఆ అమ్మాయి వెళ్ళాక సూది లేని చేత్తో ఫోన్ తీసి, ఈశ్వరప్రసాద్‌గారికి చేశారు. సుబ్బలక్ష్మి లేచి వరండాలోకి వెళ్ళింది.

"నేనండి, ఉమామహేశ్వరరావుని. నేను కాశీలో లేనండి. విజయవాడ ఆసుపత్రిలో ఉన్నాను."

ఏం జరిగిందో అంతా చెప్పారు. బరువు, ఆపరేషన్, తాడేపల్లిగూడెం. ఈశ్వరప్రసాద్‌గారు అంతా విన్నారు. చివర్లో అడిగారు.

"మరి నేను విన్న గంగ?"

"మా అమ్మాయి ఇంట్లో కుళాయండి."

"మా అమ్మ పేరూ గోత్రం రాసుకున్నానన్నారు."

"అన్నానండి."

"ఆ కుళాయి దగ్గర నిలబడి."

"అవునండి. తద్దినం మానకండి. ఇంట్లోనే పెట్టండి, ఆ మాట చెప్పాలనే..."

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది.

మూడో రోజున మళ్ళీ తాడేపల్లిగూడెం తీసుకొచ్చారు. ఈసారి కిటికీ తెరిచే ఉంచారు. సంగతి అప్పటికే ఏలూరు చేరిపోయింది. ఫోన్లు తగ్గాయి. చేసినవాళ్ళు కూడా ఆరోగ్యం జాగ్రత్తండీ అని రెండు ముక్కలు అని పెట్టేశారు. కప్పు కప్పుకీ గడియారం చూసుకుంటూ, రోజంతా తాగిన లెక్క సుబ్బలక్ష్మికి చూపించేవారు. ఆవిడ నమ్మినట్టే ఉండేది, కానీ తొట్టి మాత్రం మంచం పక్కనుంచి తీసేసింది.

పదిహేనో రోజు నిత్యానందంగారు ఫోన్ చేశారు. ఎనభై దాటిన పెద్దాయన, ఉమామహేశ్వరరావుగారికి స్మార్తం, అంటే పౌరోహిత్యపు మంత్రాలు, చెప్పిన గురువు. ఈశ్వరప్రసాద్‌గారు తన దగ్గరికి వచ్చి అడిగారట, పొట్ట కోసుకున్న పురోహితుడు మంత్రం చెప్పొచ్చా అని. ఇన్నాళ్ళూ ఈయన అడగలేక దిగమింగుకున్న ప్రశ్న అది.

"గురువుగారూ, మీరేమన్నారు?"

"మంత్రం చెప్పొచ్చన్నాను. భోక్తగా మాత్రం ఓ ఏడాది కూర్చోకు. శాస్త్రం సంగతి కాదురా. ఇంకొక్క గారె బ్రహ్మగారూ అని ఎవరైనా అంటే నువ్వు కాదనలేవు. ఆ తరవాత సంగతంటావా, నాకు తెలియదు. ఇలాంటి కోతలు స్మృతులు రాసినవాళ్ళు చూడలేదు."

అబద్ధం గురించి ఆయన ఏమీ అనలేదు. పెట్టేసే ముందు మాత్రం, నన్ను ముందే అడిగి ఉండాల్సింది అన్నారు. ఆ మాటకి ఉమామహేశ్వరరావుగారు రోజంతా కుమిలిపోయారు.

బహుళ పంచమి నాడు ఈశ్వరప్రసాద్‌గారి దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. సప్తమి పది గంటలకి, మంత్రం మీరే చెప్పాలి. అంతే ఉంది. డాక్టరుని అడిగితే, కుర్చీలో కూర్చుని, మధ్య మధ్య తాగుతూ చేయగలిగితే చేయమన్నాడు. సుబ్బలక్ష్మి వెళ్ళొద్దంది. వెళ్ళకపోతే ఇంకెప్పటికీ వెళ్ళలేనే అన్నారాయన.

ఆ రోజు ఈశ్వరప్రసాద్‌గారింట్లో కర్తకీ కుర్చీ, బ్రహ్మకీ కుర్చీ. ఒకాయనకి మోకాళ్ళు, ఒకాయనకి పొట్ట. భోక్తలుగా భరద్వాజూ ఇంకొకాయనా కూర్చున్నారు. భరద్వాజ్ లోపలికి రాగానే కాళ్ళకి నమస్కారం పెట్టి, తలెత్తకుండా వెళ్ళి పీట మీద కూర్చున్నాడు. ఉమామహేశ్వరరావుగారి గొంతు పల్చబడింది. సంకల్పం చెప్పేసరికే ఊపిరి చాల్లేదు. పొట్ట దగ్గర పంచె మడత పట్టుకుని, ఆగి, చిన్న గుక్క నీళ్ళు తాగి, మళ్ళీ అందుకున్నారు. గంటన్నర పట్టేది రెండున్నర గంటలైంది. ఈశ్వరప్రసాద్‌గారు తొందరపెట్టలేదు. తల్లి పేరు వచ్చినప్పుడల్లా స్పష్టంగా, కొంచెం గట్టిగా పలికారు.

వడ్డన మొదలైంది. గారెలు, పులుసు, పాయసం. భరద్వాజ్ తింటుంటే ఉమామహేశ్వరరావుగారు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని చూశారు. రెండు వారాల కింద అయితే ఆ వాసనకి ఏడుపొచ్చేది. ఇప్పుడు కడుపులో తిప్పింది, అంతే. ఇంకొక్క గారె వేసుకోండి అని ఇల్లాలు అడుగుతోంది. కుర్రవాడు చాలండీ చాలండీ అంటూ ఇబ్బంది పడుతున్నాడు. చివర్లో భోక్తల్ని తృప్తి అయిందా అని కర్త చేత అడిగించాలి. పంతొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో ఆ ప్రశ్నకి జవాబు చెప్పినవాడు ఈ ఏడాది ప్రశ్న అందించాడు. తృప్తి అయిందని భరద్వాజ్ అన్నాడు.

అందరివీ అయ్యాక ఆయనకి చిన్న గిన్నెలో మెత్తగా మెదిపిన పప్పన్నం పెట్టారు. ముందే సుబ్బలక్ష్మి చెప్పి ఉంచింది. ఈశ్వరప్రసాద్‌గారు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మూడు చెంచాలు తినడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నాలుగోది నోటి దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"నొప్పి ఉందా?" అని అడిగారు ఈశ్వరప్రసాద్‌గారు.

"ఉందండి."

"నాకు కోపం పోలేదు."

"తెలుసండి."

"పోతుందో లేదో చెప్పలేను. అమ్మ తిథి కాబట్టి పిలిచాను."

ఉమామహేశ్వరరావుగారు తల ఊపారు. గిన్నె పక్కన పెట్టి, రెండు చేతులూ కుర్చీకి ఆనించి, తనంతట తానే లేచారు.

ఏటా ఈశ్వరప్రసాద్‌గారు వీధిలోకి వచ్చి, ఆటో ఎక్కించి, అది మలుపు తిరిగేదాకా నిలబడేవారు. ఈసారి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. మోకాళ్ళ నొప్పుల వల్ల కూడా అయి ఉండొచ్చు. ఉమామహేశ్వరరావుగారు ఎండలో రోడ్డు పక్కన నిలబడి, సీసా మూత తీసి ఒక గుక్క తాగారు. అది కిందికి దిగేదాకా ఆగి, ఇంకో గుక్క తాగి, ఆటో కోసం చూశారు.